నోరు లేని ఫీడరు

నాకు గాలి మీద కోపం. పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగంతో వచ్చింది. సాయంత్రం బీచ్ రోడ్డు మీద అందరూ గాలికి మొహం పెట్టి హాయిగా నిలబడతారు. నేను మాత్రం ఇక్కడింత వీస్తోంది, అక్కడ రాయలసీమ కొండల మీద ఎంత వీస్తోందో అని లెక్క వేసుకుంటూ నిలబడతాను. సముద్రానికి వచ్చినా ఆఫీసును కొంగున కట్టుకొస్తావని మా ఆయన సణుగుతాడు. నిజమే, కట్టుకొస్తాను.

విశాఖపట్నంలో కరెంటు సరఫరా చూసే ఒక కంట్రోల్ రూములో షిఫ్టు ఇంజనీర్ని నేను. పని చెప్పడానికి తేలిక. కరెంటును బిందెల్లో పట్టి దాచుకోలేం. పెద్ద పెద్ద బ్యాటరీలు వస్తున్నాయంటున్నారు గానీ మా దాకా ఇంకా రాలేదు. ఈ నిమిషం జనం ఎంత వాడుతున్నారో అంతా ఈ నిమిషమే ఎక్కడో తయారవ్వాలి. రెండూ సరిపోయాయా లేదా అన్నది మా గది గోడ మీద ఎర్ర అంకెల్లో కనిపిస్తూ ఉంటుంది. యాభై దగ్గరుంటే టీ తాగొచ్చు. యాభై నుంచి కిందికి జారుతుంటే తయారీ చాలడం లేదని అర్థం. జారుతూనే పోతే యంత్రాలు తమను తాము కాపాడుకోవడానికి ఒకదాని వెనక ఒకటి ఆగిపోతాయి, రాష్ట్రాలకు రాష్ట్రాలే చీకట్లో పడతాయి. అంత దూరం పోనివ్వకుండా, ముందే కొన్ని ప్రాంతాలకు తీసెయ్యమని పెద్దాఫీసు నుంచి మాకు ఫోను వస్తుంది. ఎంత తియ్యాలో వాళ్ళు చెబుతారు, ఎవరికి తియ్యాలో మేం తేల్చుకోవాలి.

నేను చేరిన కొత్తలో ఆ ఫోను ఎప్పుడొస్తుందో ముందే తెలిసేది. ఎండలు ముదిరినప్పుడు, సాయంత్రం దీపాలు పెట్టే వేళ. తరవాత గాలిమరలు వచ్చాయి. మంచివే, కాదనను. బొగ్గు కాల్చకుండా వచ్చే కరెంటు విలువ, ఈ ఊళ్ళో మేడ మీద తెల్లచీర ఆరేసి సాయంత్రం నల్లటి దుమ్ము దులిపిన నాలాంటిదానికి బాగా తెలుసు. కానీ గాలి ఇచ్చిన మాట మీద నిలబడదు. రేపు ఏ పావుగంటలో ఎంత వస్తుందో ముందు రోజే అంచనా కట్టి మాకు పట్టిక పంపుతారు. దాన్ని నమ్మి బొగ్గు యూనిట్లను తగ్గిస్తారు, ఒక్కోసారి ఒక యూనిట్‌ను పూర్తిగా ఆర్పేస్తారు. బొగ్గు యూనిట్టంటే గ్యాసు పొయ్యి కాదు, ఆర్పితే మళ్ళీ వేడెక్కడానికి పూట పడుతుంది. ఈలోగా గాలి చెప్పిన వేళకంటే ముందే పడిపోతే ఇక మిగిలేది మేమూ, మా ఫోనూ.

ఎవరికి తియ్యాలన్నదానికి రాసిపెట్టిన పద్ధతి ఉంది. ఆసుపత్రులు, ఓడరేవు, ఫ్యాక్టరీలు ముట్టుకోకూడదు. మిగతా ఫీడర్లను, అంటే ఒక్కో ప్రాంతానికి కరెంటు మోసుకెళ్ళే లైన్లను, వరస ప్రకారం తియ్యాలి. కానీ రాత వేరు, అలవాటు వేరు. మా గదిలో ఫీడర్లు రెండే రకాలు, నోరున్నవి, నోరు లేనివి. మధురవాడ ఫీడరుకి నోరుంది. తీసిన రెండో నిమిషంలోనే లిఫ్టులో ఇరుక్కున్నామని ఒకరు, మీటింగులో ఉన్నామని ఒకరు, ఫలానా వారి బావమరిదినని ఒకరు మొదలెడతారు. సబ్బవరం వైపు పల్లెలకు వెళ్ళే మొదటి నంబరు ఫీడరుకి నోరు లేదు. ఎన్నిసార్లు తీసినా, ఎంతసేపు తీసినా ఒక్క ఫోను రాదు. అందుకని వంతు ఎవరిదైనా ముందు దాన్నే తీసేవాళ్ళం.

ఆ పేరు పెట్టింది నాతో షిఫ్టు చేసే సీనియర్ ఆపరేటరు. సముద్రపు ఒడ్డు పేటలో పుట్టిన మనిషి, అన్నదమ్ములు ఇప్పటికీ వేటకు వెళతారు. ఆయన సబ్‌స్టేషనుకి ఫోను చేసి, ముందు నోరు లేనిది తీసీ బాబూ అనేవాడు. అవతల ఇంకేమీ అడగక్కర్లేకుండా అర్థమైపోయేది. నేనూ అనేదాన్ని, నవ్వుతూ అనేదాన్ని.

ఆ వైపు పల్లెల్లో ఒకటి మా అక్కది. మా బావ సగం రైతు, సగం క్రషరు మనిషి. పొలంలో పనిలేని నెలల్లో రాళ్ళు పిండి చేసే చోట పనికి పోయేవాడు. ఆ పిండి ఇరవై ఏళ్ళు పీల్చాడు. ఇప్పుడు ఆయనకు ఊపిరి పోసేది మంచం పక్కనున్న ఒక యంత్రం. గదిలో గాలినే లోపలికి లాక్కుని, ఆక్సిజన్ వడకట్టి గొట్టంలోంచి ముక్కుకి పంపుతుంది. కరెంటుంటేనే పంపుతుంది. ఇంట్లో ఉన్న ఇన్వర్టరు దాన్ని పావుగంట కూడా లాగలేదు. అది పోతే ఇక మూలనున్న చిన్న సిలిండరే దిక్కు. ఆసుపత్రికి వెళ్ళే దారిలో వాడుకోమని డాక్టరు ఇప్పించాడు, నిండా ఉంటే రెండు గంటలు వస్తుంది.

యంత్రం వచ్చిన వారమే నేను సబ్‌స్టేషన్ వాళ్ళని బతిమాలి అక్క ఊరి లైనును మొదటి ఫీడరు నుంచి రెండో ఫీడరుకి మార్పించాను. రెండోది కొత్త కాలనీలకు వెళుతుంది, దానికి కాస్తో కూస్తో నోరుంది. అరుదుగా తీస్తాం. హమ్మయ్య అనుకున్నాను. మొదటి ఫీడరు మీద మిగిలిన ఊళ్ళలో ఇంకెవరి మంచం పక్కన ఏముందోనన్న ఆలోచన నాకు రాలేదు. మర్నాటి నుంచి దాన్ని మరింత ధైర్యంగా తీయించాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ జరిగింది అదే.

ఆషాఢంలో ఒక రోజు రెండింటి షిఫ్టుకి పోట్లాడుతూ వచ్చాను. పోట్లాట పెద్దాఫీసుతో. గాలి బ్రహ్మాండంగా ఉంది, పట్టికలో రాత్రి దాకా ఉంటుందని రాసుంది, అందుకని పొద్దున్నే ఒక బొగ్గు యూనిట్‌ను ఆర్పేశారు. ఆషాఢం గాలిని అంతలా నమ్మకండి బాబూ అని నేను, మీకంటే కంప్యూటరుకి తెలుసని వాళ్ళు. చెవి దగ్గర ఫోను పెట్టుకునే కుర్చీలో కూర్చున్నాను, చెవి దగ్గర ఫోను పెట్టుకునే పొద్దుటి షిఫ్టు రాసిన లాగ్ పుస్తకంలో చదివినట్టు సంతకం పెట్టాను. చదవలేదు.

నాలుగున్నరకి గాలి గీత పట్టిక గీతను తాకుతూ నడుస్తోంది. ఐదింటికి దాని కిందికి దిగింది. ఇలాంటివి దిగి మళ్ళీ లేస్తుంటాయి, చూద్దాం అనుకున్నాను. ఆపరేటరు కళ్ళజోడు సర్దుకుని తెర దగ్గరికి వంగాడు.

"మేడం గారూ, గాలి కూకుండిపోతన్నాది."

కూర్చుంటోంది కాదు, పడుకుంటోంది. అక్కడ కొండల మీద వందల మరలు ఒకదాని వెనక ఒకటి నెమ్మదించడం ఇక్కడ నాకు ఒక గీతగా కనిపిస్తోంది, ఆ గీత మెట్లు దిగినట్టు దిగుతోంది. ఊళ్ళలో ఇంటికి చేరిన వాళ్ళు ఫ్యాన్లు, ఏసీలు, మోటార్లు వేసుకుంటున్నారు. గోడ మీద ఎర్ర అంకెలు నలభై తొమ్మిది పాయింట్ ఎనిమిదికి వచ్చాయి. నేను ముందే చెప్పానన్న తృప్తి అలాంటప్పుడు చిటికెడు కూడా మిగలదు.

ఐదూ నలభైకి ఫోను వచ్చింది. మా వాటాగా ఐదు ఫీడర్ల బరువు దించాలి, వెంటనే. నీటి యూనిట్లు నడపమని చెప్పాం, అవి పైకొచ్చేదాకా ఏదీ తిరిగి ఇవ్వొద్దు అన్నారు. నేను ఆలోచించలేదు. సబ్‌స్టేషను నంబరు నొక్కి, ముందు నోరు లేనిది అన్నాను. మిగతా నాలుగూ చెప్పాను. అంకెలు జారడం ఆగింది. నేను కుర్చీకి వెనక్కి ఆనుకున్నాను.

ఆరూ పది అయ్యేసరికి ఆపరేటరు తీసిన వేళలు లాగ్‌లో రాయడానికి కూర్చున్నాడు. ఏ పేజీలో ఆపారో చూడ్డానికి వెనక్కి తిప్పి, పొద్దుటి షిఫ్టు రాసిన చివరి వాక్యం పైకి చదివాడు. రెండో ఫీడరు బ్రేకరు పాడైంది, మరమ్మతు అయ్యేదాకా దాని మీదున్న పల్లెలన్నీ మొదటి ఫీడరు మీద. ఆయనకు అదొక మామూలు వాక్యం, మా అక్క సంగతి తెలియదు. చదివేసి పెన్ను మూత తీసుకున్నాడు. ఆ వాక్యం కింద నా సంతకం ఉంది.

అంటే అక్క ఊరికీ తీసేశాను. అరగంట. ఇన్వర్టరు ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. సిలిండరు నిండా ఉంటే ఇంకా గంట పైనే ఉంది. నిండా ఉందా? కిందటి వారం బావని ఆసుపత్రికి తీసుకెళ్ళారు, దారిలో ఎంత వాడారో, మళ్ళీ నింపించారో లేదో నేను అడగలేదు. అక్కకి ఫోను చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాను, మళ్ళీ అంతే. మూడోసారి మోగుతుంటే, ఎత్తవే తల్లీ, ఎత్తవే అని పైకే అన్నాను. ఆపరేటరు తలెత్తి చూశాడు.

పెద్దాఫీసుని అడిగాను, నీటి యూనిట్లు ఎంతసేపు? ఇంకో అరగంట, పైన కూడా కావచ్చు. ఒక ఫీడరు ముందు ఇచ్చుకోనా? వీల్లేదు, అంకె చూడండి. అంకె నాకు కనిపిస్తూనే ఉంది. ఒకటి ఇవ్వాలంటే అంత బరువున్నది ఇంకొకటి తియ్యాలి. నేను మధురవాడ అన్నాను.

"అది తీసెత్తే కొంప అంటుకుంతాది మేడం గారూ," అన్నాడు ఆపరేటరు.

"నా కొంపా అక్కడే ఉంది. తియ్యండి."

ఆయన కదల్లేదు. మొదటి దాని మీద ఎవరున్నారని మెల్లగా అడిగాడు. మా బావ, ఆక్సిజన్ మీద, అన్నాను. ఆయన ఫోను అందుకున్నాడు. పద్ధతి ప్రకారం ముందు తీసి తరవాత ఇవ్వాలి. మధురవాడ పోయింది, అంకె కొంచెం లేచింది, సబ్బవరం మొదటి ఫీడరు వెలిగింది. ఆరూ ఇరవై ఆరు. నేను గడియారం వంక చూస్తూనే ఉన్నాను.

ఇక మోత మొదలైంది. గదిలో మూడు ఫోన్లూ ఒక్కసారే. మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో మా ఐదో అంతస్తు పెద్దాయన కూరగాయల సంచీతో లిఫ్టులో ఉండిపోయాడని, కరెంటు వాళ్ళు నిద్రపోతున్నారా అని. పెద్దాఫీసు కూడా చేసింది, మధురవాడ తియ్యమని మీకెవరు చెప్పారని. నేను రాసిపెట్టిన వరస పట్టిక తీసి చూశాను. చిత్రమేమిటంటే ఆ పూట వంతు నిజంగానే మధురవాడది. వరస ప్రకారమే తీశానండీ అన్నాను. నా జవాబు నిజం, నేను తీసిన కారణం మాత్రం అది కాదు.

ఆరూ యాభైకి నీటి యూనిట్లు పైకొచ్చాయి, ఒక్కొక్కటే అన్నీ ఇచ్చేశాం. షిఫ్టు దిగేదాకా కుర్చీ వదలకూడదు కాబట్టి నేను అక్కడే కూర్చుని, అక్క నంబరు నొక్కుతూ ఉన్నాను. ఏడున్నరకి తనే చేసింది.

"ఏటే, అన్నిసార్లు సేసేవు? పొయ్యి మీద కూర ఉంటేను ఎత్తనేదు."

"బావ?"

"ఉన్నాడు. టీవీ సూత్తన్నాడు."

బాత్రూములోకి వెళ్ళి కుళాయి విప్పుకుని ఏడ్చాను. ఏమీ కాలేదనుకున్నాను.

మర్నాడు నాకు సెలవు. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాను. బావ రెండు దిళ్ళ మీద ఆనుకుని ఉన్నాడు. టీవీ చూసిన మనిషి మొహంలా లేదది. పెదాలు నల్లబడ్డాయి, కళ్ళ కింద వాపు. నన్ను చూసి, "కరెంటమ్మ వచ్చీసింది, లైటెయ్యండి," అన్నాడు. నా పెళ్ళి కాకముందు నుంచీ ఆయనకు నేను కరెంటమ్మనే. ఆ ఒక్క మాటకే రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. నేను మూలనున్న సిలిండరు దగ్గరికి వెళ్ళాను. ముల్లు సున్నా మీద పడుకుని ఉంది.

అక్క అప్పుడు చెప్పింది. సిలిండరులో పావు వంతు కూడా లేదు. ఎక్కువసేపు రావాలని మర సన్నం చేసి పెట్టింది. బావ గోళ్ళు నీలంగా మారితే కొంచెం విప్పడం, మళ్ళీ సన్నం చెయ్యడం. ఉక్కపోత భరించలేక ఆయన గుండెలు బాదుకుంటుంటే చేతికందింది తీసుకుని విసురుతూ కూర్చుంది. కరెంటు వచ్చినప్పటికి సిలిండరు బుస ఆగిపోయి అయిదు నిమిషాలైంది.

నాకు కోపం వచ్చింది. భయం తీరాక వచ్చే కోపం. నేను అన్నిసార్లు చేస్తే ఎందుకు ఎత్తలేదే అని అరిచాను.

"ఎత్తితే నాను సెప్పీసేదాన్ని. సెప్తే నువ్వు ఏదో ఒకటి సేసీసి మాట పడేదానివి. నీ కుర్సీ కాడికి మన ఏడుపులెందుకని."

చేసేశానక్కా, మధురవాడ మొత్తం తీసేశాను అన్నాను. అందులో గొప్ప కూడా ఉంది, దాచను. బావ గొట్టం సర్దుకున్నాడు.

"అక్కడ నాలాటోడు ఇంకొకడు ఉంటేనో?"

చూపు ఎటు తిప్పుకోవాలో తెలియక గోడ వంక చూశాను. మీటరు పక్కన పెన్సిలుతో మా కంట్రోల్ రూము నంబరు రాసి ఉంది, బావ చేతి రాత. నాకు ఆ ఉద్యోగం వచ్చిన ఏడాది నేనే ఇచ్చాను, ఎప్పుడు పోయినా ఫోను చెయ్యి బావా అని. ఆ గోడను అన్నేళ్ళుగా చూస్తున్నాను గానీ ఆ నంబరు నాకెప్పుడూ కనిపించలేదు. ఎందుకంటే దాని మీద ఎప్పుడూ ఒక క్యాలెండరు ఉండేది. ఆ క్యాలెండరు ఇప్పుడు మంచం మీద ఉంది, రెండుగా మడిచి, అంచులు నలిగి. నిన్న సాయంత్రం అక్క విసిరింది దానితోనే. అంటే అంతసేపూ ఆ నంబరు దాని కళ్ళెదుటే ఉంది.

క్యాలెండరు నువ్వే తగిలించావా అని అడిగాను. తనే. మొదట్లో కరెంటు పోయినప్పుడల్లా ఊళ్ళోవాళ్ళు ఇంటి మీదికి వచ్చేవారట, మీ సెల్లి ఆఫీసుకి ఓపాలి సెయ్యి అని. నంబరు రాసుకుపోయిన వాళ్ళూ ఉన్నారట. అక్క ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి చెప్పిందట, పక్క ఊళ్ళలో చుట్టాలకు కూడా. మా సెల్లి ఆడకూతురు, అంతమంది మగాళ్ళ మధ్యన ఉద్యోగం సేత్తన్నాది, మన ఊరి నుంచి ఫిర్యాదు పోతే దానికి తలవంపులు, ఎవులూ సెయ్యొద్దు అని. ఎవరూ చెయ్యలేదు. ఇన్నేళ్ళూ.

మేం నోరు లేదని నవ్వుకున్న ఫీడరు అది. దాని నోరు మా అక్క మూయించింది, నా కోసం. నేను ఆ మౌనం అండ చూసుకుని ముందు వాళ్ళకే తీయించాను.

అక్క లేచి, అంచులు సాపు చేసి, క్యాలెండరును మళ్ళీ ఆ మేకుకే తగిలించబోయింది. నేను లాక్కుని వంటింటి తలుపు వెనక వేలాడదీశాను. దానికి కోపం వచ్చింది, రానిచ్చాను. తలవంపులు నాకు రావాల్సినవేనక్కా, ఫోను చెయ్యండి, మీరూ చెయ్యండి, ఊళ్ళోవాళ్ళనీ చెయ్యమను అని చెప్పాను. సరేనంటూ తల ఊపలేదు. ఆ సాయంత్రానికి ఒక పెద్ద సిలిండరు తెప్పించి పెట్టించాను, ఒక రోజంతా వచ్చేది. బ్రేకరు మరమ్మతు అయ్యాక, మీ ఊరిని మళ్ళీ రెండో దాని మీదకి మార్చమంటారా అని సబ్‌స్టేషన్ వాళ్ళు అడిగారు. ఉన్నచోటే ఉంచమన్నాను. ఆ మాట చెప్పడానికి రెండు రోజులు పట్టింది.

రెండు వారాల తరవాత గాలి మళ్ళీ పడింది. ఈసారి వరస పట్టిక ముందు పెట్టుకుని పైనుంచి చదివాను. మొదటి ఫీడరు వంతు నిజంగానే వచ్చింది. ఆపరేటరు నా మొహం చూశాడు. నోరు లేనిది అనకుండా, సబ్బవరం ఒకటో నంబరు తీసీ బాబూ అన్నాడు ఫోనులో. నాలుగు నిమిషాలు గడియారం చూస్తూ కూర్చున్నాను. ఐదో నిమిషంలో బల్ల మీది ఫోను మోగింది. ఎత్తి, చెప్పండి అన్నాను.

"కరెంటాఫీసేనా అండీ? సబ్బవరం కాడి నుంచి మాటాడతన్నాను. మా ఇంట్లో ఆక్సిజన్ మీద మనిసున్నాడండీ. ఎంతసేపట్లో వత్తాది?"

అక్క నా గొంతు గుర్తుపట్టింది. గుర్తుపట్టే, అండీ అంది.

"నలభై నిమిషాలండీ," అన్నాను.

"రాసుకోండి మరి," అని పెట్టేసింది. లాగ్ పుస్తకం దగ్గరికి లాక్కుని రాశాను, ఒకటో నంబరు ఫీడరు, ఫిర్యాదు ఒకటి.